అర్హత ఎవరిది? పరీక్ష పెట్టేది ఎవరు?

ఎన్నికలొచ్చిన ప్రతిసారీ ఒక మాట వినపడుతుంది. "బంట్రోతు ఉద్యోగానికి కూడా చదువు కావాలంటారు, ఎమ్మెల్యే కావటానికి ఏమీ అక్కర్లేదా? వేలిముద్రగాళ్ళని సర్పంచుల్ని చేస్తే ఊరేం బాగుపడుతుంది?" అని. ఒకప్పుడు ఈ మాట రచ్చబండ మీద కూర్చున్న పెద్దకులాల పెద్దమనుషులు అనేవాళ్ళు. ఇప్పుడు మన హాస్టళ్ళలో చదివిన కుర్రాళ్ళు, మన టీచర్లు, మన ఉద్యోగ సంఘాల నాయకులు కూడా అంటున్నారు. మన వాడల్లో మొదటితరం డిగ్రీలు వచ్చినవాళ్ళకి ఈ మాట న్యాయంగానే తోస్తుంది. కష్టపడి చదువుకున్నాం గదా, చదువుకి విలువ ఉండాలి గదా అనిపిస్తుంది.

అందుకే ఈ ప్రశ్నని కోపంతో కొట్టిపారెయ్యటం సరిపోదు. దాని చరిత్ర చూడాలి. ఈ దేశంలో అభ్యర్థికి అర్హతలు ఎప్పుడెప్పుడు పెట్టారు, ఎవరు పెట్టారు, వాటివల్ల ఎవరు లోపలికి పోయారు, ఎవరు గుమ్మం బయట ఆగిపోయారు? ఈ నాలుగు ప్రశ్నలకీ జవాబులు వెతికితే, చదువు గురించి మొదలైన చర్చ ఇంకోచోటికి చేరుతుంది.

పట్టా ఉన్నోడే మనిషి

1919 చట్టం ప్రకారం మద్రాసు శాసనమండలికి 1920లో ఎన్నికలు జరిగాయి. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనివే. ఆ ఎన్నికల్లో ఓటు ఎవరికి? పల్లెల్లో ఏడాదికి 10 రూపాయల శిస్తు పడే పట్టా భూమి ఉన్నవాళ్ళకి, పట్టణాల్లో మున్సిపల్ పన్ను కట్టేవాళ్ళకి. అలా చూస్తే రాష్ట్ర జనాభాలో ఓటర్లు నూటికి ముగ్గురికి మించలేదు. ఓటరు కానివాడు అభ్యర్థి ఎట్లా అవుతాడు?

ఈ షరతులో ఎక్కడా మాల, మాదిగ అన్న మాట లేదు. చట్టం కులం పేరెత్తకుండానే పని జరిగిపోయింది. పాలేరుతనంలో ఉన్నోడికి పట్టా ఎక్కడిది? దొర ఇంటి గాసం మీద బతికేవాడు శిస్తు ఎక్కడ కడతాడు? భూమి కొనే స్తోమత వచ్చినా, పక్క పొలం కాపు అమ్మనిస్తాడా? పన్ను రసీదు అడిగారంటే కులం అడిగినట్టే.

అట్లా బయట నిలబెట్టిన జనాలకి ప్రభుత్వం నామినేషన్ ఇచ్చింది. మద్రాసు మండలిలో అణగారిన కులాల తరఫున ఐదుగురిని నామినేట్ చేసే ఏర్పాటు 1919 చట్టం కింద రాసిన నిబంధనల్లోనే ఉంది. ఆ కులాల జాబితాలో మాల, మాదిగ పేర్లున్నాయి. అంటే ఎన్నికల షరతుల్లో కనపడని కులం నామినేషన్ దగ్గరకొచ్చేసరికి కనపడింది. దొరవారి దయవల్ల సభలో కూర్చునేవాడికి సొంత జనం ఓటుతో పనిలేదు. ఆ పద్ధతిలో వచ్చిన ఎం.సి. రాజా లాంటివాళ్ళు సభలో గట్టిగానే మాట్లాడారు. 1922లో మద్రాసు ప్రభుత్వం పంచమ అన్న మాట బదులు ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ పేర్లని ఒప్పుకోవటం ఆ తరం సాధించిన గెలుపే. కానీ దాని వెనక 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన మహాసభ ఉంది. పంచమ పేరుతో పిలిచిన ఆ సభలోనే మనం ఆది ఆంధ్రులం అని జనం తేల్చి చెప్పుకున్నారు. మండలిలో కుర్చీ కన్నా ముందు మండలి బయట ఉద్యమం ఉందన్న సంగతి మర్చిపోకూడదు.

అంబేడ్కర్ వేసిన ఎదురు ప్రశ్న

1919 జనవరిలో సౌత్‌బరో కమిటీ ముందు అంబేడ్కర్ సాక్ష్యం ఇచ్చారు. అప్పటికి ఆయన వయసు 27 ఏళ్ళు. అంటరానివాళ్ళకి ఆస్తి లేదు కాబట్టి ఓటివ్వలేం అనేవాళ్ళకి ఆయన చూపించింది ఇది. అంటరానివాడు అంగడి పెడితే కొనేవాడెవడు? అంటరానితనమే అతనికి ఆస్తి రాకుండా చేసింది. ఆస్తి లేకుండా చేసిన సమాజమే ఆస్తి లేదు కాబట్టి ఓటు లేదనటం ఏం న్యాయం? అందుకని అంటరానివాళ్ళకి అర్హతల మెట్టు తగ్గించాలన్నారు.

పదేళ్ళకి, సైమన్ కమిషన్ కాలానికి, ఆయన ఇంకా ముందుకి పోయారు. 1928లో వయోజనులందరికీ ఓటు కావాలన్నారు. 1929 మేలో విడిగా ఇచ్చిన నివేదికలో చదువు షరతుని పట్టుకుని విడదీసి చూపించారు. ఆయన వాదంలో రెండు మెట్లున్నాయి. అక్షరాలు రానివాడు తెలివిలేనివాడు అనుకోవటం మొదటి తప్పు. అక్షరాలొచ్చినంత మాత్రాన తెలివి పెరిగిపోతుందనుకోవటం రెండో తప్పు. ఎవరిని చదువుకి దూరంగా ఉంచారో వాళ్ళని చదువులేదని ఓటుకి దూరం చెయ్యటం గాయం మీద కారం చల్లటమేనని ఆయన ఉద్దేశం.

ఈ మాటలన్నది ఎవరో చదువంటే గిట్టని మనిషి కాదు. కొలంబియాలో, లండన్‌లో చదివి ఆ రోజుల్లో ఈ దేశంలో ఎవరికీ తీసిపోని డిగ్రీలు సంపాదించినవాడు. చదవండి, చదవండి అని జనాన్ని వెంటపడి పోరినవాడు. అంత చదువుకున్నాయన చదువుని ఎన్నికల గుమ్మం దగ్గర కాపలా పెట్టటానికి ఒప్పుకోలేదు. చదువు మనకి ఆయుధం, దాన్ని మన మెడకి తాళంగా వెయ్యనివ్వను అన్నట్టుంది ఆయన వైఖరి.

పూనాలో ఏం రాసుకున్నారు?

1932 ఆగస్టు 16న బ్రిటిష్ ప్రధాని ప్రకటించిన కమ్యూనల్ అవార్డు అణగారిన కులాలకి ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది. గాంధీ నిరాహారదీక్ష, సెప్టెంబరు 24న పూనా ఒప్పందం మనందరికీ తెలిసినవే. ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి. రాష్ట్ర శాసనసభల్లో 148 రిజర్వుడు సీట్లు వచ్చాయి, మద్రాసుకి అందులో 30.

ఆ ఒప్పందంలో మనవాళ్ళు అంతగా చర్చించని ఒక క్లాజు ఉంది. స్థానిక సంస్థల ఎన్నికల్లోగానీ, ప్రభుత్వ ఉద్యోగాల్లోగానీ అణగారిన కులాల మనిషి అయినందువల్ల ఎవరికీ ఏ అడ్డూ ఉండకూడదని అందులో రాసుకున్నారు. న్యాయమైన ప్రాతినిధ్యం కోసం ప్రయత్నం జరగాలన్నారు. చదువు అర్హత అన్న మాట ఒకేచోట వస్తుంది, అది ఉద్యోగాలకి సంబంధించి మాత్రమే. ఎన్నికలకి చదువు షరతు తగిలించలేదు. ఉద్యోగం వేరు, ప్రాతినిధ్యం వేరు అన్న తేడా 1932లోనే కాగితం మీద ఉంది. బంట్రోతు ఉద్యోగంతో ఎమ్మెల్యే పదవిని పోల్చేవాళ్ళకి ఇంతకన్నా పాత జవాబు అక్కర్లేదు. ఉద్యోగి చేసేది ప్రభుత్వం అప్పజెప్పిన పని, అందుకని ప్రభుత్వం పరీక్ష పెడుతుంది. ప్రతినిధి చెప్పేది జనం మాట, కాబట్టి పరీక్ష పెట్టాల్సింది జనమే.

ఏ జనం? అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. పూనా ఒప్పందం ప్రకారం రిజర్వుడు సీటుకి ముందు దళిత ఓటర్లు నలుగురితో ఒక ప్యానెల్ ఎన్నుకోవాలి. ఆ నలుగురిలో ఒకణ్ణి అన్ని కులాల ఓటర్లూ కలిసి ఎన్నుకుంటారు. దళిత ఓటర్ల దగ్గర మొదటివాడుగా వచ్చినోడు గెలవాలని ఏమీ లేదు. నాలుగోవాడు కూడా గెలవొచ్చు, పెద్దకులాల ఓట్లు అటు పడితే చాలు. 1946 ఎన్నికల తర్వాత అంబేడ్కర్ ఎత్తి చూపింది ఇదే. ప్రైమరీలో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ అభ్యర్థులు ముందు నిలిచిన చోట్ల కూడా చివరి ఎన్నికలో ఓడిపోయారు. ఆ ప్రైమరీ పద్ధతి కూడా తర్వాత పోయింది. సీటు మనది, ఓటు అందరిది అన్న ఏర్పాటు మిగిలింది.

రాజ్యాంగం తలుపు తీసింది

రాజ్యాంగ సభలో ఈ చర్చ మళ్ళీ వచ్చింది. 1949 నవంబరు 26న, రాజ్యాంగాన్ని ఆమోదించిన రోజునే, సభాధ్యక్షుడు రాజేంద్రప్రసాద్ తన ముగింపు ఉపన్యాసంలో ఒక విచారం వెలిబుచ్చారు. చట్టాన్ని అమలుచేసేవాళ్ళకి పెద్ద అర్హతలు అడిగి, చట్టం చేసేవాళ్ళకి ఏమీ అడగకపోవటం పొంతన లేకుండా ఉందన్నారు. అయితే చట్టం చేసేవాడికి తెలివితోపాటు నిజాయితీ, స్వతంత్రంగా ఆలోచించే గుణం కావాలనీ, వాటిని కొలిచే కొలబద్ద లేదనీ ఆయనే ఒప్పుకున్నారు.

రాజ్యాంగం చివరికి అడిగింది చాలా తక్కువ. భారత పౌరుడై ఉండాలి, లోక్‌సభకీ అసెంబ్లీకీ 25 ఏళ్ళు, రాజ్యసభకీ విధాన పరిషత్తుకీ 30 ఏళ్ళు నిండాలి, ప్రమాణం చెయ్యాలి. 1951 జనాభా లెక్కల్లో దేశంలో అక్షరాస్యులు నూటికి 18 మందే. ఎస్.సి.లలో 1961 నాటికి కూడా నూటికి 10 మందే, ఎస్.సి. ఆడవాళ్ళలో నూటికి ముగ్గురు. ఆ రోజు చదువు షరతు పెట్టి ఉంటే మాలపల్లె, మాదిగగూడెం మొత్తం మళ్ళీ 1920లోకి పోయేవి. 

ఎక్కువ చదివినవాడు ఓడిపోయాడు

చదువు గెలిపిస్తుందా అన్నదానికి మొదటి సార్వత్రిక ఎన్నికలే జవాబు చెప్పాయి. 1952లో ఉత్తర బొంబాయి ద్విసభ్య నియోజకవర్గంలో రిజర్వుడు సీటుకి అంబేడ్కర్ నిలబడ్డారు. రాజ్యాంగ ముసాయిదా సంఘం అధ్యక్షుడు, దేశానికి మొదటి న్యాయశాఖ మంత్రి, న్యాయశాస్త్రంలో, అర్థశాస్త్రంలో పేరుమోసిన పండితుడు. అంతకన్నా అర్హత ఎవరికుంటుంది? కాంగ్రెసు అభ్యర్థి నారాయణ్ కజ్రోల్కర్‌కి 1,38,137 ఓట్లొచ్చాయి. అంబేడ్కర్‌కి 1,23,576. 1954లో భండారా ఉపఎన్నికలో కూడా ఆయన ఓడిపోయారు. దళితుల సీటులో దళితుల నాయకుణ్ణి ఓడించింది ఆయన చదువు తక్కువై కాదు. అప్పటి అధికార పక్షానికి, దాని వెనకున్న కులాలకి లొంగని మనిషి కావటమే ఆయన అనర్హత.

అదే ఎన్నికల్లో దేశం మొత్తం మీద ఫెడరేషన్‌కి రెండు లోక్‌సభ సీట్లే దక్కాయి. ఒకటి షోలాపూర్ నుంచి పి.ఎన్. రాజభోజ్‌ది. రెండోది మన కరీంనగర్, గెలిచింది ఎం.ఆర్. కృష్ణ. హైదరాబాదు రాష్ట్రంలో అప్పుడు తెలంగాణ సాయుధ పోరాటం వేడి ఇంకా చల్లారలేదు. దొరల గడీలు కదిలిపోయి ఉన్నాయి. అదే కరీంనగర్ ద్విసభ్య నియోజకవర్గంలో రెండో సీటు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ నాయకుడు బద్దం ఎల్లారెడ్డిది. భూమి మీద దొర పట్టు సడలిన చోట దళితుడు సొంత జెండాతో గెలవగలిగాడు. బొంబాయికీ కరీంనగర్‌కీ తేడా అభ్యర్థుల డిగ్రీల్లో వెతికితే దొరకదు. అయితే ఆ ఎం.ఆర్. కృష్ణ కూడా తర్వాతి ఎన్నికల నాటికి కాంగ్రెసులో ఉన్నారు. సొంత జెండా ఎంతకాలం నిలుస్తుందన్నది వేరే ప్రశ్న, అది కూడా మన చరిత్రలో భాగమే.

పార్వతీపురం కథ

ద్విసభ్య నియోజకవర్గాల గురించి ఇంకొక సంగతి చెప్పుకోవాలి. 1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానంలో రెండు సీట్లు. ఒకటి ఎస్.టి. రిజర్వుడు, ఒకటి జనరల్. ఓటరుకి రెండు ఓట్లు. లెక్క ఎట్లాగంటే, ఎస్.టి. అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవాడికి రిజర్వుడు సీటు. తర్వాత మిగిలిన అందరిలో ఎక్కువ వచ్చినవాడికి, ఏ కులం, ఏ తెగ అయినా సరే, రెండో సీటు.

ఆ ఎన్నికలో రిజర్వుడు సీటు సత్యనారాయణ అనే ఎస్.టి. అభ్యర్థికి పోయింది. మిగిలినవాళ్ళలో మొదట నిలిచింది ఇంకో ఎస్.టి. అభ్యర్థి, డిప్పల సూరిదొర. కొన్ని వందల ఓట్ల తేడాతో వెనకబడింది ఎవరనుకున్నారు? వి.వి. గిరి. కేంద్రంలో కార్మికమంత్రిగా పనిచేసినాయన, 1969లో రాష్ట్రపతి అయినాయన. జనరల్ సీటు ఆదివాసీకి ఇవ్వటం చెల్లదని గిరి కోర్టుకి పోయారు. అంతేకాదు, సూరిదొర అసలు మూకదొర తెగవాడు కాదు, క్షత్రియుడిగా మారిపోయాడు అని కూడా వాదించారు. 1959లో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. రిజర్వేషన్ కనీస హామీ, అది పైకి పోకుండా కట్టిన హద్దు కాదని దాని సారాంశం. క్షత్రియుడినని చెప్పుకున్నంతలో క్షత్రియుడు అయిపోడని కూడా ఆ తీర్పు మాట.

రెండేళ్ళు తిరగ్గానే, 1961లో, చట్టం చేసి ద్విసభ్య నియోజకవర్గాలు ఎత్తేశారు. అవి మరీ పెద్దవనీ, ఖర్చు ఎక్కువనీ కారణాలు చెప్పారు, అవి పూర్తిగా అబద్ధం కాదు. కానీ ఫలితం ఏమైంది? రిజర్వుడు సీటు ఒకవైపు, జనరల్ సీటు ఇంకోవైపు విడిపోయాయి. చట్టం ప్రకారం దళితుడు, ఆదివాసీ ఈనాటికీ జనరల్ సీటుకి నిలబడొచ్చు. టిక్కెట్టు ఇచ్చే పార్టీ ఎన్నిచోట్ల ఉంది? జనరల్ అన్నమాటకి పెద్దకులం అనే అర్థం చట్టంలో లేదు. పార్టీ ఆఫీసుల్లోనే ఉంది.

డిగ్రీ ఉంటే గౌరవం దక్కిందా?

చదువుకున్న దళిత అభ్యర్థులు తెలుగునేల మీద లేకపోలేదు. కర్నూలు జిల్లా పెదపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య లా చదివారు. 1960 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు, ఈ దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి. 38 ఏళ్ళకే ఆ కుర్చీ ఎక్కారు. 1962 మార్చిలో దిగిపోయారు. ఆంధ్ర, తెలంగాణ రెండు ప్రాంతాల్లో కలిపి ఆయన తర్వాత ఇంకో దళితుడు ఆ కుర్చీలో కూర్చోలేదు. ఈ 60 ఏళ్ళలో అర్హులైన దళిత పట్టభద్రులు దొరకలేదని ఎవరైనా అనగలరా?

హైదరాబాదు చిలకలగూడలో పుట్టిన జె. ఈశ్వరీబాయి బడిపంతులమ్మగా పనిచేశారు. బస్తీ పనులతో మొదలుపెట్టి, కౌన్సిలర్‌గా గెలిచి, 1967లో, మళ్ళీ 1972లో ఎల్లారెడ్డి నుంచి అసెంబ్లీకి పోయారు. ఆమె మాటకి సభలో బరువు తెచ్చింది టీచరు ఉద్యోగం ఒక్కటే కాదు, బస్తీ ఆడవాళ్ళ మధ్య చేసిన పని. అభ్యర్థి నేపథ్యం అంటే మనం చూడాల్సింది ఇది. ఏ కాలేజీ అని అడిగి ఆగిపోకుండా, ఏ జనం మధ్య ఏం పనిచేశారని అడగాలి.

ఊరి దగ్గర కొత్త తాళాలు

అసెంబ్లీ, పార్లమెంటుకి రాజ్యాంగం తెరిచిన తలుపుకి పంచాయతీ దగ్గర కొత్త తాళాలు పడ్డాయి. 1959లో వచ్చిన సమితుల్లో ఎస్.సి. సభ్యుల్ని కో-ఆప్ట్ చేసుకునేవాళ్ళు. 1920 నాటి నామినేషన్‌కి ఇది చెల్లెలు లాంటిది. 1987 మండల ఎన్నికల్లో అధ్యక్ష పదవులకే రిజర్వేషన్ వచ్చింది. 73వ సవరణ తర్వాత 1994 పంచాయతీరాజ్ చట్టంతో సర్పంచి పదవుల రిజర్వేషన్ స్థిరపడింది. మొదటిసారి వాడనుంచి వచ్చిన మనిషి పంచాయతీ ఆఫీసులో కుర్చీ మీద కూర్చోవాల్సిన పరిస్థితి.

అప్పుడేం జరిగిందో పల్లెల్లో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మా వూళ్ళో సర్పంచి సీటు ఎస్.సి.కి వచ్చినప్పుడు వాడలో ఇంటర్ చదివిన కుర్రాడొకడు నామినేషన్ వేస్తానన్నాడు. రాత్రికి రాత్రే పెద్దమనుషులు కూర్చుని, మాటకి ఎదురుచెప్పని ఒక పాలేరుని ఖాయం చేశారు. కుర్రాడి నాన్నకి కౌలు తీసేస్తామన్నారు. ఊరు ఏకగ్రీవం అయింది, ఊరికి మంచిపేరొచ్చింది. తర్వాత ఐదేళ్ళూ చెక్కుబుక్కు, రబ్బరుస్టాంపు పెద్దాయన ఇంటి గూట్లోనే ఉన్నాయి. సర్పంచి గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడి సంతకం పెట్టొచ్చేవాడు. ఆ తర్వాత అదే పెద్దమనుషులు టౌన్లో ఏమన్నారు? "చూశారా, వీళ్ళకి పదవులిస్తే ఏం చేసుకుంటారు, చదువులేదు గదా" అని. చదివినవాణ్ణి నిలబడనివ్వనిదీ వాళ్ళే, చదవనివాణ్ణి ఎగతాళి చేసిందీ వాళ్ళే.

లొంగనివాడి పరిస్థితి ఇంకా ఘోరం. తమిళనాడులో మధురై జిల్లా మేలవలవు పంచాయతీ ఎస్.సి.కి రిజర్వు అయితే, పెద్దకులాల బెదిరింపుల మధ్య నిలబడి గెలిచిన మురుగేశన్‌ని 1997 జూన్ 30న ఇంకో ఐదుగురితో సహా నరికి చంపారు. ఆయన అర్హతల్లో లోపం ఉందని ఎవరూ అనలేదు.

తాళాల సంగతికొద్దాం. ఆంధ్రప్రదేశ్ 1994 చట్టంలో ఇద్దరు పిల్లల నిబంధన పెట్టారు. 1995 మే తర్వాత మూడో బిడ్డ పుడితే పంచాయతీ పదవికి అనర్హత. ఎమ్మెల్యేకి, ఎంపీకి ఈ నిబంధన లేదు. ఎంతమంది పిల్లలున్నా మంత్రి కావొచ్చు, వార్డు మెంబరు కాకూడదు. ఎంతమంది బిడ్డల్ని కనాలో తన చేతిలో లేని కూలితల్లి మీద, ఆమెకి రిజర్వేషన్ వచ్చిన ఏడాదే, ఈ షరతు పడింది. మన రాష్ట్రంతో సహా ఐదు రాష్ట్రాల్లో నిర్మలా బుచ్ చేసిన పరిశీలనలో అనర్హతకి గురైనవాళ్ళలో ఎక్కువమంది ఎస్.సి., ఎస్.టి., బి.సి.లేనని తేలింది. బిడ్డని దత్తతిచ్చినవాళ్ళు, భార్యని వదిలేసినవాళ్ళు కూడా కనపడ్డారు. 2003లో సుప్రీంకోర్టు హర్యానా కేసులో ఇట్లాంటి నిబంధన చెల్లుతుందంది. ఇప్పుడు జనాభా తగ్గిపోతోందన్న బెంగ మొదలైంది, 2024లో ఆంధ్రప్రదేశ్ ఈ నిబంధన ఎత్తేసింది, 2025లో తెలంగాణ ప్రభుత్వం కూడా ఎత్తెయ్యాలని నిర్ణయించింది. పెట్టినప్పుడూ మనల్ని అడగలేదు, తీసినప్పుడూ అడగలేదు. మధ్యలో 30 ఏళ్ళపాటు పోటీకి దూరమైనవాళ్ళ లెక్క ఎవరు రాస్తారు?

రెండో తాళం చదువుది. 2014 డిసెంబరులో రాజస్థాన్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. సర్పంచికి 8వ తరగతి, సమితి, జిల్లా పరిషత్తులకి 10వ తరగతి. 2015లో హర్యానా అదే బాట పట్టింది. జనరల్ అభ్యర్థికి 10వ తరగతి, ఆడవాళ్ళకీ ఎస్.సి.లకీ 8వ తరగతి, పంచ్ పదవికి నిలబడే ఎస్.సి. ఆడమనిషికి 5వ తరగతి. దానికి తోడు ఇంట్లో మరుగుదొడ్డి ఉండాలి, కరెంటు బిల్లు, సహకార బ్యాంకు అప్పు బకాయి ఉండకూడదు. 1920 నాటి శిస్తు రసీదు 2015లో కరెంటు బిల్లు రసీదై తిరిగొచ్చింది.

2015 డిసెంబరు 10న రాజ్‌బాల కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టం సరైనదేనంది. తీర్పు రాసిన ఇద్దరిలో ఒకరు మన కృష్ణా జిల్లా నుంచి వెళ్ళిన జస్టిస్ చలమేశ్వర్. మంచిచెడ్డల విచక్షణ చదువువల్లనే వస్తుందని ఆ తీర్పు తేల్చింది. ప్రభుత్వం డబ్బులిస్తున్నా మరుగుదొడ్డి కట్టుకోకపోతే అది పేదరికం కాదు, మనసు లేకపోవటం అంది. 1929లో అంబేడ్కర్ రాసిన నివేదిక పక్కన పెట్టుకుని ఈ తీర్పు చదివితే దేశం ఎంత వెనక్కి నడిచిందో అర్థమౌతుంది. మరుగుదొడ్డి కట్టుకోవటానికి వాడలో జాగా ఎక్కడుంది, నీళ్ళెక్కడున్నాయి? ఊరి మలం ఎత్తిన కులాల్ని నీ ఇంట్లో మరుగుదొడ్డి లేదు కాబట్టి నువ్వు తగవు అనటానికి ఎంత ధైర్యం కావాలి! రాజస్థాన్‌లో 2019లో ఆ చదువు షరతు తీసేశారు. ఎమ్మెల్యేలకి ఏ చదువూ అడగకుండా సర్పంచికి మాత్రం అడిగారన్న అసలు సంగతిని తీర్పు కదిలించలేదు.

రాయని అర్హత

రాసిన అర్హతలు సరే, రాయనివి ఉన్నాయి. 1951 చట్టంలో లోక్‌సభ డిపాజిట్ 500 రూపాయలు, ఎస్.సి., ఎస్.టి.లకి అందులో సగం. 1996లో అది 10,000 అయింది, ఇప్పుడు 25,000. మనవాళ్ళకి ఇప్పుడూ సగమే. కానీ డిపాజిట్ దగ్గర ఎవరూ ఆగిపోవటంలేదు. 2022 నుంచి లోక్‌సభ అభ్యర్థి పెట్టదగిన ఖర్చు హద్దు పెద్ద రాష్ట్రాల్లో 95 లక్షలు, అసెంబ్లీకి 40 లక్షలు. అది చట్టం లెక్క, నిజం లెక్క ఓటు వేసే అందరికీ తెలుసు. రిజర్వుడు సీటులో నిలబడే దళితుడు ఆ డబ్బు ఎక్కడ తెస్తాడు? పెట్టుబడి పెట్టేది కాంట్రాక్టరు, రైసుమిల్లు యజమాని, పక్క జనరల్ నియోజకవర్గం నాయకుడు. గెలిచినోడు అప్పు తీర్చాలి గదా!

2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, 2003లో దాన్ని మళ్ళీ నిలబెట్టటంతో, అభ్యర్థి తన కేసులు, ఆస్తులు, చదువు అఫిడవిట్‌లో రాయాల్సొచ్చింది. ఇది మంచి పనే, మనం వాడుకోవాల్సిన సాధనం. చదువు చెప్పమనటం వేరు, చదువు లేకపోతే పొమ్మనటం వేరు. మొదటిది ఓటరు చేతికి సమాచారం ఇస్తుంది, రెండోది ఓటరు చేతిలోంచి నిర్ణయం లాగేస్తుంది. అయితే మనకి కావాల్సిన గడులు ఆ అఫిడవిట్‌లో లేవు. నీ ప్రచారం ఖర్చు ఎవరిది? టిక్కెట్టు ఎవరింట్లో ఖాయమైంది? అసైన్డ్ భూములు అన్యాక్రాంతమైనప్పుడు నువ్వెక్కడున్నావు? కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత మన ఉద్యమం రిజర్వుడు సీట్ల నాయకుల్ని అడిగిన ప్రశ్నలు ఇట్లాంటివే. 1955లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ చట్టసభల్లో రిజర్వుడు సీట్లే వద్దని తీర్మానం చేసేదాకా పోయింది. దాంతో మనం ఏకీభవించినా లేకపోయినా, ఆ తీర్మానం వెనకున్న అనుభవం ఈ వందేళ్ళ కథే.

చదువుకున్నవాళ్ళం చెయ్యాల్సింది

ఈ చరిత్రంతా చూశాక మన చదువుకున్న మిత్రులకి చెప్పేది ఒకటే. అర్హత అన్నమాటని మనం వాళ్ళ అర్థంలో వాడకూడదు. భూమి లేనప్పుడు పట్టా అడిగారు. బడి లేనప్పుడు చదువు అడిగారు. జాగా లేనప్పుడు మరుగుదొడ్డి అడిగారు. చదువుకుని వచ్చిన అంబేడ్కర్‌ని చదువు పక్కనబెట్టి ఓడించారు. రేపు వాడలో అందరం పది పాసైతే డిగ్రీ అడుగుతారు, డిగ్రీ అయితే ఇంకేదో అడుగుతారు. ఆ మెట్లని ఎక్కే పందెంలో మన డిగ్రీలతో మనం మన అమ్మలకన్నా ముందుంటాం, అంతే. వాళ్ళు మాత్రం వెనకబడిపోతారు. మనకి ఫీజు కట్టటానికి కూలికిపోయిన మనిషి మన వార్డుకి తగదా?

చదువు పనికిరాదని నేనడంలేదు. చెక్కుబుక్కు ఎవరి గూట్లో ఉందో కనిపెట్టటానికి, గ్రామసభ తీర్మానం ఏం రాశారో చదవటానికి, సమాచారహక్కు కింద అర్జీ పెట్టటానికి చదువు కావాలి. ఆ చదువు మన దగ్గరుంది. ఊళ్ళో వేలిముద్ర వేసే సర్పంచమ్మ ఉంటే ఆమె పక్కన కూర్చుని ఫైలు చదివి వినిపించేవాళ్ళు వాడలోనే ఉండాలి, పెద్దాయన గుమాస్తా కాకూడదు. ఎన్నికలప్పుడు ప్రతి వాడలో అభ్యర్థుల అఫిడవిట్లు బిగ్గరగా చదవాలి, అందులో లేని ప్రశ్నలు ఎదురుగా నిలబెట్టి అడగాలి. ఎవరెవరు ఎక్కణ్ణుంచి వచ్చారు, ఎవరి బలంతో గెలిచారు, ఎందుకు దిగిపోయారు అన్నది జిల్లాలవారీగా రాసిపెట్టుకోవాలి. 1920 నుంచి ఇప్పటిదాకా మన అభ్యర్థుల చరిత్ర అట్లా ఎవరూ పూర్తిగా రాయలేదు. పార్వతీపురం కథ మన డిగ్రీ పాఠాల్లో ఎంతమంది చదివారు?

పరీక్ష ఉండాల్సిందే. పేపరు మనం తయారుచెయ్యాలి, వాడ మధ్యలో కూర్చుని మనమే దిద్దాలి.